మారిస్ రావెల్

మారిస్ రావెల్ (మార్చి 7, 1875 - డిసెంబరు 28, 1937) సుప్రసిద్ధ ఫ్రెంచి స్వరకర్త, పియానో వాద్యకారుడు. బొలేరో అనే వాద్యరచన వలన ఈయన పేరు ప్రపంచమంతటా వ్యాపించింది. జీవితపు చివరి పదేళ్ళలో మాటను, రాతను క్రమక్రమంగా హరించిన మెదడు వ్యాధికి గురయ్యాడు. ఆ వ్యాధిని పరీక్షించిన వైద్యుడు నమోదు చేసిన వివరాల వలన రావెల్‌కు సంగీత చరిత్రతో పాటు వైద్యశాస్త్ర చరిత్రలో కూడా స్థానం లభించింది.

బాల్యము, విద్య

రావెల్ ఫ్రాన్సు నైరుతి మూలన, స్పెయిన్ సరిహద్దుకు చేరువలో ఉన్న సిబూర్ అనే ఊరిలో జన్మించాడు. తండ్రి జోసెఫ్ స్విట్జర్లాండు మూలాలు గల ఇంజనీరు. తల్లి మేరీ బాస్క్ జాతి స్త్రీ. రావెల్ పసిబిడ్డగా ఉన్నప్పుడే కుటుంబం పారిస్‌కు తరలిపోయింది. 1889లో పారిస్ సంగీత కళాశాలలో చేరాడు. తరువాత అక్కడే గాబ్రియేల్ ఫోరే వద్ద స్వరరచన అభ్యసించాడు. ప్రతిష్ఠాత్మకమైన రోమ్ బహుమతికి పలుమార్లు పోటీ చేసినా ప్రథమ బహుమతి దక్కలేదు. 1905లో తొలి వడపోతలోనే ఈయనను తిరస్కరించడం పత్రికలలో పెద్ద దుమారం లేపింది. చివరకు కళాశాల అధిపతి తప్పుకోగా ఫోరే ఆ పదవిలోకి వచ్చాడు.

రచనలు

జలక్రీడను తలపించే పియానో రచన 1901లోను, తంత్రీ వాద్య చతుష్టయం 1903లోను, డాఫ్నిస్ ఎ క్లోయె నృత్యనాటక సంగీతం 1912లోను వెలువడ్డాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో లారీ డ్రైవరుగా పనిచేసాడు. 1917లో తల్లి మరణం ఈయనను బాగా కుంగదీసింది. 1921 నుండి పారిస్ సమీపంలోని మోన్‌ఫోర్ లమోరీ గ్రామంలో నివసించాడు. 1928లో నాలుగు నెలలు అమెరికాలో పర్యటించాడు. అదే సంవత్సరం నవంబరు 22న బొలేరో పారిస్‌లో మొదటిసారి ప్రదర్శింపబడింది. డోలు లయ మారదు, రాగం పదేపదే వస్తుంది, వాద్యాలు మాత్రం ఒకటొకటిగా చేరుతూ నాదం పెరుగుతుంది. ఈ పునరావృత్తిలో వ్యాధి తొలి ఛాయలున్నాయని కొందరు ఊహించారు కాని, దాని తరువాత వ్రాసిన రెండు పియానో కాన్సర్టోలలోని వైవిధ్యం చూస్తే ఆ ఊహ నిలవడం కష్టం.

వ్యాధి

1920ల చివరి నుండే చేతివ్రాతలో తప్పులు కనిపించసాగాయి. 1932 అక్టోబరులో పారిస్‌లో టాక్సీ ప్రమాదానికి గురైన తరువాత పరిస్థితి వేగంగా దిగజారింది. అయితే లక్షణాలు అంతకు ముందే ఉన్నందున ప్రమాదమే కారణమనలేము. మంచి ఈతగాడైన రావెల్ 1933 వేసవిలో సముద్రంలో దిగి, చేతులు ఎలా ఆడించాలో తెలియక నిలిచిపోయాడు. 1934లో ఒక మిత్రునికి చిన్న సంతాపలేఖ వ్రాయడానికి సుమారు వారం రోజులు పట్టింది. అక్షరాల రూపం గుర్తురాక నిఘంటువు చూసి ఒక్కొక్కటి దించుకున్నాడు. ఒక సినిమా కోసం మొదలుపెట్టిన పాటలను సకాలంలో అందించలేకపోయాడు. వాటిలో పూర్తయిన మూడు పాటలే ఈయన చివరి రచన. జోన్ ఆఫ్ ఆర్క్ కథతో తలపెట్టిన సంగీత నాటకం మనసులో వినిపిస్తున్నా కాగితం మీదకు రావడం లేదని మిత్రుల వద్ద బాధపడేవాడు. 1935లో మిత్రులు స్పెయిన్, మొరాకోలకు తీసుకువెళ్ళారు. ప్రయాణం వలన మనసు తేలికపడినా వ్యాధి తగ్గలేదు.

అలజువానిన్ పరీక్షలు

నరాల వైద్య నిపుణుడు తియోఫిల్ అలజువానిన్ రావెల్‌ను పరీక్షించి, ఆ వివరాలను 1948లో ప్రచురించాడు. భాషాశక్తి మొత్తానికి ఒకే అంకె వేయకుండా, ఒక్కొక్క సామర్థ్యాన్ని విడివిడిగా చూడడం ఆయన పద్ధతి. మన సరిగమల వంటి డో, రే, మి స్వరాల పేర్లు చెప్పడం రావెల్‌కు కష్టమైపోయింది. స్వరలిపి చూసి వాయించడం దాదాపు అసాధ్యమయింది. కాని తన రచనను ఎవరైనా వాయిస్తుండగా స్వరంలో గాని లయలో గాని చిన్న తప్పు దొర్లినా వెంటనే పట్టుకునేవాడు. చలికాలపు తేమకు పియానో శ్రుతి తప్పిందని గ్రహించి, ఒకే స్వరాన్ని రెండు స్థాయిలలో మీటి చూపించాడు. జ్ఞాపకశక్తి, వివేచన, అభిరుచి చెక్కుచెదరలేదు. స్వరాల పేర్లు చెప్పించి మాత్రమే కొలిచి ఉంటే, ప్రపంచ ప్రసిద్ధ స్వరకర్తకు సంగీతం రాదని తేలి ఉండేది!

మరణం

మెదడులో కణితి ఉందేమోనన్న అనుమానంతో 1937 డిసెంబరులో శస్త్రవైద్యుడు క్లోవిస్ వెన్సాన్ కపాలం తెరిచి చూసాడు. కణితి కనిపించలేదు. కొద్దిసేపు స్పృహలోకి వచ్చిన రావెల్ ఆ తరువాత కోలుకోలేదు. డిసెంబరు 28న, 62వ ఏట మరణించాడు. లెవల్వా-పెరే శ్మశానంలో తల్లిదండ్రుల చెంతనే ఖననం చేసారు.

అనంతర పరిశీలన

మరణానంతరం మెదడును పరీక్షించలేదు కనుక వ్యాధి పేరు రుజువు కాలేదు. 1982లో అమెరికా వైద్యుడు మార్సెల్ మెసులమ్, మతిమరుపుతో కాక మాట తడబాటుతో మొదలై క్రమంగా ముదిరే వ్యాధిని వర్ణించాడు. దీనికే తరువాత ప్రైమరీ ప్రోగ్రెసివ్ అఫేసియా అనే పేరు స్థిరపడింది. రావెల్‌కు వచ్చినది ఇదేనని, లేదా చేతుల కదలికలను కూడా దెబ్బతీసే దీని దగ్గరి వ్యాధి అని పలువురు పరిశోధకులు భావిస్తున్నారు.

ఈ వ్యాధిని నయం చేసే మందు లేదు. స్పీచ్ థెరపీ ఇస్తారు కాని, దాని ఫలితాన్ని కొలవడం తేలిక కాదు. పక్షవాతం వచ్చిన రోగిలో మాట మెరుగుపడితే అది లాభం. ఇక్కడ రోగి ఎలాగూ క్షీణిస్తాడు గనుక, ఉన్న మాట నిలబడడం కూడా లాభమే. అందుచేత సాధన చేయించిన పదాలను, చేయించని పదాలను వేర్వేరు పట్టికలుగా ఉంచి, శిక్షణకు ముందు, తరువాత, మళ్ళీ కొన్ని నెలలకు పోల్చి చూస్తారు. రెండవ పట్టిక తరిగిపోతున్నా మొదటిది నిలిస్తే శిక్షణ పనిచేసినట్లు. అయితే బొమ్మ చూసి పేరు చెప్పగలిగినవారు ఇంట్లో సంభాషణలోనూ ఆ పదం వాడతారనే నమ్మకం లేదు. కనుక సంభాషణలను వీడియో తీసి పరిశీలించడం, కుటుంబసభ్యులను ప్రశ్నించడం, రోగి తానే కోరుకున్న లక్ష్యం ఎంతవరకు నెరవేరిందో చూడడం వంటి కొలమానాలను కూడా వాడుతున్నారు. రావెల్ లక్ష్యాన్ని అడిగి ఉంటే, మనసులో మిగిలిపోయిన ఆ సంగీత నాటకాన్నే చెప్పి ఉండేవాడేమో.