20 షిల్లింగుల పరిచర్య

జాన్ వెస్లీ అనగానే గుర్రంపై ఊరూరా తిరిగి సువార్త ప్రకటించిన మెథడిస్టు దైవజనుడే మనకు గుర్తుకొస్తాడు. చిన్న చిన్న అప్పులిచ్చి పేదలను తమ కాళ్లమీద నిలబెట్టిన వెస్లీని మనం అంతగా ఎరుగం.

అప్పు బాధ ఆయన పసితనంలోనే ఆ ఇంటి గడప తొక్కింది. 1703లో ఇంగ్లండ్‌లోని ఎప్‌వర్త్‌లో ఆయన పుట్టాడు. తండ్రి శామ్యూల్ అక్కడ పాదిరి. అప్పు తీర్చలేదని 1705లో ఆ తండ్రిని లింకన్ కోటలోని జైల్లో పెట్టారు. ఇంట్లో ఇంకేమీ లేక తల్లి సూసన్నా తన ఉంగరాలను జైలుకు పంపితే, ఆయన వాటిని తిరిగి పంపేశాడు.

1738 మే 24న లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధి కూడికలో జాన్ వెస్లీ రక్షణానుభవం పొందాడు. మరుసటి ఏడాది పాడుబడిన ఫిరంగుల కార్ఖానాను ప్రార్థనా మందిరంగా మార్చాడు. 1740 చలికాలంలో 12 మంది నిరుపేదలను సంఘపు గదిలో కూర్చోబెట్టి, పని నేర్పే మనిషిని పెట్టి, నాలుగు నెలలు దూది ఏకించి నూలు వడికించాడు. వారి పోషణకు వారి కష్టార్జితమే దాదాపుగా సరిపోయింది. 1741లో పనిలేని స్త్రీలకు అల్లిక పని ఇప్పించే ఏర్పాటు చేశాడు. అందరికీ ఇచ్చే కూలి ముందు ఇవ్వాలి, ఆపైన అవసరాన్నిబట్టి మరికొంత కలపాలి. ఇదీ ఆయన పెట్టిన నియమం.

మరి పని చేతనై ఉండి పెట్టుబడి లేనివారి సంగతేమిటి? వారికి తాకట్టు కొట్టే దిక్కు. పనిముట్టునే కుదువబెడితే మర్నాడు పొయ్యి వెలిగేదెలా? తిరగలిని తాకట్టు పట్టడమంటే మనిషి ప్రాణాన్నే తాకట్టు పట్టడమని ద్వితీయోపదేశకాండం (24:6) హెచ్చరించింది ఇందుకే. 1746లో వెస్లీ లండన్ అంతా తిరిగి, కలిగినవారిని అడిగి, పేదల కోసం అప్పుల నిధి ప్రారంభించాడు. ఒకరికి ఒకసారి 20 షిల్లింగులు, అంటే ఒక్క పౌనుకు మించి ఇవ్వరు. వారం వారం కడుతూ మూడు నెలల్లో తీర్చాలి. మొదట పోగైనది 30 పౌన్ల 16 షిల్లింగులే. కానీ ఏడాదిన్నరలో 255 మంది దానితో సాయం పొందారు. తలా ఒక పౌను దానంగా పంచితే 30 మందితో అయిపోయేది. ఒకరు తీర్చిన సొమ్ము మరొకరి చేతికి పెట్టుబడి అయింది గనుకనే అది అంతమందికి అందింది.

1775లో జేమ్స్ లాకింగ్టన్ అనే చెప్పులు కుట్టే యువకుడు ఈ నిధి నుంచి 5 పౌన్లు తీసుకుని పాత పుస్తకాల వ్యాపారం పెంచుకున్నాడు. లండన్‌లో పేరుమోసిన పుస్తక వ్యాపారి అయ్యాక మెథడిస్టులనే ఎగతాళి చేస్తూ రాశాడు. ఆ తర్వాత పశ్చాత్తాపపడ్డాడు. కృతజ్ఞత కోసమే సాయం చేసేవారైతే అక్కడితో మనసు విరిగిపోయేది.

పొదుపు సంఘాల్లోని మన అక్కచెల్లెళ్లకు ఈ వారం వారం లెక్క కొత్తేమీ కాదు. అదే చిన్న అప్పు లాభాపేక్షతో వచ్చి వేధిస్తే ఉరితాడవుతుందని 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కళ్లారా చూశాం. తేడా అంతా ఇచ్చేవారి హృదయంలోనే ఉంది.

1791 మార్చి 2న, 87 ఏళ్ల వయసులో వెస్లీ ప్రభువు సన్నిధికి చేరాడు. తన అంత్యక్రియలకు శవవాహనం వద్దని, తన దేహాన్ని ఆరుగురు పేదలు మోయాలని, వారికి తలా ఒక పౌను ఇవ్వాలని వీలునామాలో రాశాడు. అంటే మళ్లీ అవే 20 షిల్లింగులు! మన సంఘంలో కుట్టుమిషన్ కోసమో, మగ్గానికి నూలు కోసమో వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కుతున్న సోదరి ఉందేమో చూద్దాం. ఆ గుమ్మం కంటే ముందు ఆమెకు మన మందిరం తలుపు కనబడాలి.