నాసాలో ఇంజినీర్.. ఊళ్లో పిల్లలతో విండ్ టన్నెల్ కట్టించారు! మేరీ జాక్సన్ గురించి ఈ విషయం తెలుసా?

'హిడెన్ ఫిగర్స్' సినిమా చూసినవాళ్లకు మేరీ జాక్సన్ గుర్తుండే ఉంటారు. నాసాలో తొలి నల్లజాతి మహిళా ఇంజినీర్ ఆమే. అయితే ఆమె జీవితంలో సినిమాలో కనిపించని పని ఒకటుంది. ఆఫీసులో చేసే పనినే సొంతూరి పిల్లలకు నేర్పడం!

1921లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, హాంప్టన్‌లో పుట్టారు మేరీ. 1942లో మ్యాథ్స్, ఫిజికల్ సైన్స్‌లో డిగ్రీ పూర్తయింది. అంత చదివినా దొరికినవి చిన్నాచితకా ఉద్యోగాలే. ఒక ఏడాది టీచర్‌గా చేశారు. హాంప్టన్ కింగ్ స్ట్రీట్‌లోని ఓ క్లబ్బులో రిసెప్షనిస్టుగా కూర్చున్నారు. తర్వాత జమాఖర్చుల పుస్తకాలు రాసే ఉద్యోగం చేశారు.

1951లో లాంగ్లీ పరిశోధన కేంద్రంలో చేరారు. అక్కడ నల్లజాతి మహిళలకు వేరే విభాగం. రెండేళ్లకు ఇంజినీర్ కాజిమీర్ చార్నెకీ ఆమెను తన టీమ్‌లోకి తీసుకున్నారు. పని చేయాల్సింది 60 వేల హార్స్‌పవర్ విండ్ టన్నెల్‌లో. ఇందులో విమానం మోడల్ కదలదు.. గాలే ధ్వని కంటే దాదాపు రెట్టింపు వేగంతో దాని మీదుగా దూసుకెళ్తుంది. ఆ గాలి ఎలా ప్రవర్తిస్తుందో కొలుస్తారు.

ఇంజినీర్ అవ్వమని ప్రోత్సహించింది కూడా చార్నెకీయే. కానీ ఆ క్లాసులు జరిగేది తెల్లవారికి మాత్రమే ప్రవేశమున్న హాంప్టన్ హైస్కూల్లో. సొంతూరి బడిలో కూర్చోవడానికి మేరీ నగర అధికారుల దగ్గర ప్రత్యేక అనుమతి తీసుకోవాల్సి వచ్చింది. సినిమాలో చూపించిన కోర్టు సీన్ మాత్రం కల్పితమే. 1958లో ఆమె ఇంజినీర్ అయ్యారు.

ఇక అసలు విషయానికొస్తే.. 1970వ దశకంలో అదే కింగ్ స్ట్రీట్‌లోని కమ్యూనిటీ సెంటర్‌లో నల్లజాతి పిల్లలకు ఓ సైన్స్ క్లబ్ ఉండేది. మేరీ అక్కడ వాలంటీర్‌గా చేరారు. బోర్డు మీద పాఠం చెప్పి వదిలేయలేదు. పిల్లల చేతే సొంతంగా ఓ విండ్ టన్నెల్ కట్టించి, అందులో ప్రయోగాలు చేయించారు. తమలాంటి వాళ్లలో సైంటిస్టులు ఉన్నారనే సంగతి చాలామంది పిల్లలకు తెలియదని, తెలిసేసరికి కోర్సు ఎంచుకునే సమయం దాటిపోతోందని ఆమె బెంగ. నిజమే కదా.. చూడని ఉద్యోగం కావాలని ఏ పిల్లాడు అడుగుతాడు? గర్ల్ స్కౌట్ లీడర్‌గానూ 30 ఏళ్లకు పైగా పనిచేశారు. 1976లో లాంగ్లీ ఆమెను ఆ ఏటి ఉత్తమ వాలంటీర్‌గా ఎంపిక చేసింది.

1979లో తీసుకున్న నిర్ణయం ఇంకా ఆశ్చర్యం. ఇంజినీర్ పదవి వదిలి, హోదా తగ్గినా సరే అంటూ మహిళా ఉద్యోగుల కార్యక్రమం మేనేజర్ సీట్లోకి మారారు. కొత్త అమ్మాయిలను తీసుకోవడం, ఉన్నవాళ్లకు ప్రమోషన్లు వచ్చేలా చూడటం అక్కడి పని. 1985లో రిటైరయ్యే దాకా అదే చేశారు.

2005 ఫిబ్రవరి 11న, 83 ఏళ్ల వయసులో హాంప్టన్‌లోనే కన్నుమూశారు. 2021లో వాషింగ్టన్‌లోని నాసా ప్రధాన కార్యాలయానికి ఆమె పేరు పెట్టారు.