పఠనదీక్షాపరుడు సురవరం

హైదరాబాదు నగరంలో నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ ఒకదానికొకటి చేరువగా ఉన్న ప్రాంతాలు. ఈ మూడింటినీ కలిపి చదువుల పేట అనవచ్చు. నారాయణగూడలో పేరుపొందిన పాఠశాలలు, కళాశాలలు ఉన్నాయి. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం ఉంది. అశోక్‌నగర్ పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలకు ప్రసిద్ధి. తెలంగాణ పల్లెల నుండి వచ్చిన యువతీయువకులు ఇరుకు గదులలో అద్దెకుంటూ, గ్రంథాలయంలో కూర్చుని, ఉద్యోగం కోసం రేయింబవళ్ళు చదువుతుంటారు.

వారు కంఠస్థం చేసే ప్రశ్నలలో కొన్ని ఇట్లా ఉంటాయి. గోలకొండ పత్రిక ఏ సంవత్సరంలో ప్రారంభమైంది? గోలకొండ కవుల సంచికలో ఎందరు కవులున్నారు? ఆంధ్రుల సాంఘిక చరిత్రను రచించినవారెవరు? 1926, 354, సురవరం ప్రతాపరెడ్డి అన్నవి వీటికి సమాధానాలు. ఈ మూడు సమాధానాలు చెప్పగలవారు వేలమంది ఉంటారు. కానీ ఆ సమాధానాల వెనుక ఉన్న మనిషి ఎట్లా చదివాడు, ఏమి చదివాడు, ఎందుకు చదివాడు అన్న ప్రశ్నలు ఏ ప్రశ్నపత్రంలోనూ కనిపించవు. ఆయన జీవితంలో తెలుసుకోదగినది అదే.

సురవరం ప్రతాపరెడ్డి 1896 మే 28న నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని బోరవెల్లి గ్రామంలో జన్మించారు. తల్లి రంగమ్మ, తండ్రి నారాయణరెడ్డి. స్వగ్రామం ఇటిక్యాలపాడు. తుంగభద్ర కావల ఉన్న కర్నూలులో ఆయన పాఠశాల విద్య సాగింది. అక్కడ ఉన్నప్పుడే బడి చదువుతో తృప్తి పడక, వెల్లాల శంకరశాస్త్రి గారి వద్ద సంస్కృత కావ్యాలు చదువుకొన్నారు. ఆ కావ్యాలు చదివినందుకు మార్కులు వచ్చేవి కావు. వాటికి పరీక్ష లేదు, పట్టా లేదు. అయినా బడి వేళలకు వెలుపల, ఇష్టంతో చదివిన ఆ చదువే తరువాతి కాలంలో ఆయనకు తరగని పెట్టుబడి అయింది. ఆపై హైదరాబాదు నిజాం కళాశాలలోను, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోను చదివి పట్టభద్రులయ్యారు. న్యాయశాస్త్ర పట్టాను కూడా పొంది, కొంతకాలం న్యాయవాద వృత్తిలో ఉన్నారు. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, పారశీకం, ఆంగ్లం ఆయనకు కరతలామలకాలు.

ఆనాటి హైదరాబాదు రాజ్యంలో తెలుగు చదువుకు ఆదరణ కరవైంది. రాజ్య జనాభాలో దాదాపు సగం మంది మాతృభాష తెలుగే అయినా, పాలనలోను, ఉన్నత విద్యలోను ఉర్దూదే అగ్రస్థానం. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనాభాష ఉర్దూ. 1921 నవంబరులో నగరంలోని వివేకవర్ధిని ప్రాంగణంలో జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగులో ప్రసంగించబోగా, సభికులలో కొందరు అల్లరి చేసి ఆయనను మాట్లాడనీయలేదు. ఆ అవమానం నుండే ఆంధ్ర జనసంఘం పుట్టింది. తెలుగువారిలో మేలుకొలుపు తేవాలంటే మొదట వారి చేతికి పుస్తకం అందాలని నాటి పెద్దలు గ్రహించారు. 1901లో సుల్తాన్ బజారు ప్రాంతంలో వెలసిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం అప్పటికే ఆ మార్గాన్ని చూపింది. ఆ బాటలోనే ఊరూరా గ్రంథాలయాలు వెలిశాయి. మాడపాటి హనుమంతరావు ప్రభృతుల కృషితో 1928లో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల ప్రారంభమై, తరువాత నారాయణగూడలో స్థిరపడింది. ఆ రోజులలో తెలుగు పుస్తకం చదవడం కాలక్షేపం కాదు, ఆత్మగౌరవ ప్రకటన.

ఈ వాతావరణంలో ప్రతాపరెడ్డి రెడ్డి హాస్టలు కార్యదర్శిగా బాధ్యతలు స్వీకరించారు. పల్లెల నుండి నగరానికి చదువుకోవడానికి వచ్చే విద్యార్థుల కోసం 1918లో స్థాపితమైన వసతిగృహమది. దాని స్థాపనకు మూలపురుషుడు రాజబహద్దూరు వెంకటరామారెడ్డి. నారాయణగూడలోని మహిళా కళాశాల నేటికీ వారి పేరనే వర్ధిల్లుతున్నది. విద్యార్థులకు పూటపూటకు భోజనం, పడుకోవడానికి చోటు చూపితే కార్యదర్శి పని ముగిసిందని ప్రతాపరెడ్డి భావించలేదు. హాస్టలు గ్రంథాలయాన్ని వేల గ్రంథాలతో పెంపొందించారు. దూరప్రాంతాల నుండి వచ్చిన యువకులకు ఆ గ్రంథాలయం రెండవ ఇల్లయింది.

1926 మే 10న గోలకొండ పత్రిక ప్రారంభమైంది. ప్రతాపరెడ్డి దానికి ప్రాణమై నిలిచారు. సంపాదకీయాలు వ్రాయడం మొదలుకొని అచ్చుతప్పులు దిద్దడం వరకు ఆయన చూడని పని లేదు. అనేక కలంపేర్లతో వ్యాసాలు, కథలు, విమర్శలు వ్రాశారు. ప్రభుత్వ ఆంక్షల నడుమ, చాలినంత ధనం లేకుండా, తెలుగు చదివేవారే తక్కువగా ఉన్న రాజ్యంలో పత్రికను నడపడం కత్తిమీద సాము. పాఠకుడు లేనిచోట పత్రిక పాఠకుణ్ణి కూడా తయారుచేసుకోవలసి ఉంటుంది. గోలకొండ పత్రిక చేసింది అదే. 1930లో జోగిపేటలో జరిగిన నిజాం రాష్ట్ర ప్రథమాంధ్ర మహాసభకు ప్రతాపరెడ్డి అధ్యక్షత వహించారు.

తెలంగాణలో తెలుగు కవులు పూజ్యమన్న మాట ఒకటి ఆ కాలంలో వినవచ్చింది. ఆ మాట ప్రతాపరెడ్డిని బాధించింది. ఆయన కోపంతో ఖండన వ్యాసం వ్రాసి ఊరుకొని ఉంటే, ఆ వాదం నాలుగు రోజులలో చల్లారిపోయేది. ఆయన సాక్ష్యాన్ని సేకరించడానికి పూనుకొన్నారు. పల్లెలలో, సంస్థానాలలో మరుగునపడి ఉన్న కవుల వివరాలను, రచనలను సేకరించారు. వచ్చిన ప్రతి కాగితాన్ని చదివారు, పరిశీలించారు, క్రమపరిచారు. ఫలితంగా 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడింది. అందులో 354 మంది కవులకు చోటు లభించింది. నేడు పరీక్షలలో ఒక్క మార్కు తెచ్చే ఆ సంఖ్య వెనుక ఒక మనిషి నిద్రమాని చదివిన రాత్రులున్నాయి, ఒక ప్రాంతం గౌరవం ఉంది.

ప్రతాపరెడ్డి పఠనశక్తికి పరాకాష్ఠ ఆంధ్రుల సాంఘిక చరిత్ర. ఈ గ్రంథం 1949లో వెలువడింది. అంతకుముందు చరిత్ర అంటే రాజుల వంశావళులు, యుద్ధాలు, పట్టాభిషేకాల సంవత్సరాలు అన్నదే సామాన్యాభిప్రాయం. ప్రతాపరెడ్డి దృష్టి సింహాసనం మీద నిలవలేదు. సింహాసనం ఎదుట చేతులు కట్టుకొని నిలిచిన ప్రజల మీద నిలిచింది. వారు ఏమి తిన్నారు? ఏమి కట్టుకొన్నారు? వారి పిల్లలు ఏ ఆటలాడారు? చెరువులు ఎట్లా తవ్వించుకొన్నారు? పన్నులు ఎట్లా కట్టారు? తప్పు చేసినవారికి ఏ శిక్షలు పడ్డాయి? ఏ నమ్మకాలు వారిని నడిపించాయి? ఈ ప్రశ్నలకు జవాబులు శాసనాలలో కొంతవరకే లభిస్తాయి. మిగిలినవి ఎక్కడ దొరుకుతాయి? కావ్యాలలో దొరుకుతాయని ఆయన కనిపెట్టారు.

ఆ కావ్యాలు అప్పటికి ఎందరో చదివినవే. పండితులు వాటిలో అలంకారాలు చూశారు, ఛందస్సు చూశారు, రసం చూశారు. ప్రతాపరెడ్డి వాటితోపాటు మనుషులను చూశారు. క్రీడాభిరామం చదువుతూ ఆయన కాకతీయుల ఓరుగల్లు వీధులలో నడిచారు. అక్కడి పూటకూళ్ళ ఇంట ఒక రూకకు ఏమేమి వడ్డించేవారో, కోడిపందెములు ఎట్లా జరిగేవో, పలనాటి వీరుల కథను జనం ఎట్లా ఆదరించేవారో గమనించారు. పాల్కురికి సోమనాథుని రచనలలో శైవభక్తితోపాటు నాటి జనం పాడుకొన్న పాటల పేర్లను, వారి ఆచారాలను పట్టుకొన్నారు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు ఏ ఋతువులో అతిథులకు ఏ భోజనం పెట్టాడన్నది సామాన్య పాఠకుడికి ఒక వర్ణన మాత్రమే. ప్రతాపరెడ్డికి అది విజయనగర కాలపు వంటయింటి తలుపు. కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశిక, కదిరీపతి శుకసప్తతి, అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతి వంటి కథాకావ్యాలు పండితుల గౌరవానికి అంతగా నోచుకోలేదు. ఆయనకు మాత్రం అవి వృత్తుల, పనిముట్ల, వంటకాల, ఆటల భాండాగారాలు.

ఇట్లా చదవడం తేలిక కాదు. ఒక పద్యంలో ఏదో ఆట పేరు వస్తుంది. నిఘంటువు తెరిస్తే అది క్రీడావిశేషం అని మాత్రమే ఉంటుంది. మరొకచోట ఏదో వంటకం పేరు వస్తుంది. నిఘంటువు దానిని భక్ష్యవిశేషం అని చెప్పి తప్పుకొంటుంది. పరీక్ష కోసం చదివేవారికి ఆ మాట చాలు. ప్రతాపరెడ్డికి చాలలేదు. ఆ ఆటను ఎట్లా ఆడేవారు, ఆ వంటకాన్ని దేనితో చేసేవారు అన్నది తెలియనిదే ఆయన ముందుకు సాగలేకపోయారు. ఆ పదం ఇతర కావ్యాలలో ఎక్కడ వచ్చిందో వెదికారు. జనవ్యవహారంలో, సామెతలలో దాని జాడ ఉన్నదేమో చూశారు. విదేశీ యాత్రికుల వ్రాతలతో, శాసనాలతో సరిపోల్చారు. ఎంత వెదకినా తేలనిచోట తేలలేదనే ఒప్పుకొన్నారు. తెలియనిది తెలియదనడం కూడా పాండిత్యంలో భాగమే.

చాళుక్యుల కాలం నుండి ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాల వరకు తెలుగువారి బ్రతుకును ఆ గ్రంథం కన్నులకు కట్టింది. ఏ విశ్వవిద్యాలయం ఆయనను ఆ పనికి నియమించలేదు. పత్రిక పనులు, సభలు, ప్రజాసేవ నడుమ చిక్కిన తీరికలో చేసిన చదువు అది. హిందువుల పండుగలు, రామాయణ విశేషాలు, మొగలాయి కథలు ఆయన ఇతర రచనలలో పేర్కొనదగినవి.

1952లో జరిగిన ఎన్నికలలో ప్రతాపరెడ్డి వనపర్తి నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. మరుసటి సంవత్సరమే, 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తన తొలి పురస్కారాలను ప్రకటించినప్పుడు, తెలుగులో ఆ గౌరవం ఆంధ్రుల సాంఘిక చరిత్రకు దక్కింది. అందుకోవడానికి గ్రంథకర్త లేరు. అశోక్‌నగర్‌కు దగ్గరలోనే ఉన్న టాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం నిలిచింది. 2025లో తెలంగాణ శాసనసభ తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెడుతూ చట్టాన్ని ఆమోదించింది.

విగ్రహాలకు దండలు వేయడం సులభం. ఆ విగ్రహమూర్తి చదివినట్లు చదవడం కష్టం. జీవనోపాధి కోసం చేసే చదువును ఎవరూ తక్కువచేయరాదు. చిక్కడపల్లి గ్రంథాలయంలో కూర్చున్న యువకుని చదువు వెనుక అతని కుటుంబం ఆశలన్నీ ఉంటాయి. అయితే పరీక్ష ముగిసిన మరునాడు మరచిపోయే చదువు ఒకటి, మనిషిలో ఇంకిపోయి జీవితాంతం తోడుండే చదువు ఒకటి. మొదటిది చెరువు మీద వాలిన వాన వంటిది, పొంగి పొరలిపోతుంది. రెండవది నేలలోకి దిగిన నీరు వంటిది, ఎండాకాలంలో బావిలో ఊరుతుంది. బాల్యంలో కర్నూలులో ప్రతాపరెడ్డి పరీక్ష లేకున్నా చదివిన కావ్యాలు ఆయనకు యాభై ఏళ్ళు దాటిన తరువాత మహాగ్రంథమై ఊరాయి.

విద్యార్థికి తరగతుల నడుమ అట్టి చదువుకు తీరిక చిక్కదు. సెలవులలో చిక్కుతుంది. వేసవి నెలలలో పది పుస్తకాల పుటలు తిరగవేయడం కంటె ఒక్క మంచి పుస్తకాన్ని ఎన్నుకొని తుదకంటా చదవడం మేలు. తెలియని పదం వద్ద ఆగాలి. దాని అర్థం కోసం నిఘంటువును, అది చాలకపోతే ఇంటిలోని అవ్వనో తాతనో అడగాలి. చదివిన కథలోని మనుషులు ఏమి తిన్నారు, ఎట్లా బ్రతికారు, ఎందుకు దుఃఖించారు అని ప్రశ్నించుకోవాలి. ప్రశ్నపత్రంలో రాని ప్రశ్న ఒకటి తనంతట తాను వేసుకొన్న నాడే విద్యార్థి నిజమైన పాఠకుడవుతాడు. సురవరం ప్రతాపరెడ్డి జీవితం నేటి యువతరానికి అందించే సందేశం ఇదే.

అభ్యాసం

1. తెలంగాణలో కవులు లేరన్న మాటకు ప్రతాపరెడ్డి ఏ విధంగా సమాధానమిచ్చారు?
2. నిఘంటువులలోని అర్థాలతో ప్రతాపరెడ్డి ఎందుకు తృప్తి పడలేదు? ఆయన ఏ మార్గాలను అనుసరించారు?
3. సాంఘిక చరిత్ర రచనకు కావ్యాలు ఎట్లా ఉపకరించాయో వివరించండి.
4. ఈ సెలవులలో ఒక పుస్తకాన్ని పూర్తిగా చదవండి. అందులో మీకు అర్థం తెలియని ఐదు పదాలను గుర్తించి, మీ ఊరి పెద్దలను అడిగి తెలుసుకొన్న విషయాలను ఒక పుటలో వ్రాయండి.