చిన్నబండికి దిష్టి తీద్దాం

మా పెద్దమండ్యానికి రైలు లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. రైలు చూడాలన్నా ఎక్కాలన్నా ములకలచెరువు పోవాల్సిందే. తమ్ముడి పుట్టెంట్రుకలు తీయించడానికి ఇంటిల్లిపాదీ తిరుపతి ప్రయాణం కట్టినప్పుడు మా అవ్వ నా తెల్లచొక్కా విప్పించి మాసిపోయిన గళ్లచొక్కా తొడిగింది. "బొగ్గుబండిరా అబ్బయ్యా, దిగేటప్పటికి బొగ్గుల అంగడోడి కొడుకు మాదిరి అవుతావు" అంది. కిటికీలోంచి తల బయట పెట్టొద్దని కూడా చెప్పింది. పెట్టాను. మిగిలింది చెప్పక్కర్లేదు. పీలేరు దాకా కన్ను నలుపుకుంటూనే ఉన్నాను.

ధర్మవరం నుంచి పాకాలకు పోయే మా లైను అప్పట్లో మీటరు గేజి. 19వ శతాబ్దం ఆఖర్లో సౌత్ ఇండియన్ రైల్వే వేసింది. కదిరి, ములకలచెరువు, మదనపల్లె రోడ్డు, పీలేరు మీదుగా పోతుంది. మదనపల్లె పేరు పెట్టుకున్న ఆ స్టేషను ఉండేది మదనపల్లెలో కాదు, సీటీఎం అనే ఊళ్లో. ఆ లైను మీది బండినే మేం లోకంలోకెల్లా చిన్నబండి అనుకునేవాళ్లం. కుప్పం వైపు చుట్టాలింటికి పోయి, అక్కణ్నుంచి పెద్ద రైల్లో బంగారుపేటలో దిగినప్పుడు గానీ ఆ భ్రమ వదల్లేదు. పెద్ద పట్టాల పక్కనే మోకాలెత్తు సామానేదో పరిచినట్టు ఇంకో జత పట్టాలు. వాటి మీద కోలారు బండి. మైసూరు సంస్థానం వాళ్లు 1913లో బౌరింగ్‌పేట నుంచి కోలారుకు వేసిన లైను అది. బంగారుపేట పాత పేరే బౌరింగ్‌పేట. తర్వాత ఆ లైను శ్రీనివాసపురం, చింతామణి మీదుగా బెంగళూరు దిక్కుకు సాగింది. మన పుంగనూరోళ్లకు పొరుగూళ్లు అవి. సంతలో తెలుగు మాట్లాడే ఊళ్లు.

అట్లాంటి బండే, మన తెలుగునేల మీద పుట్టిందే, ఇంకొకటుండేది. ఈ అభినందన దానికి. రాష్ట్రానికి ఈ చివర ఉన్నవాణ్ని ఆ చివరి బండికి శాలువా కప్పడమేమిటని అడిగితే, చిన్నబండి మీద మోజు ఉన్నవాడికి దూరం లెక్కలోది కాదని నా జవాబు.

శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడికి నేరోగేజి బండి మొదలైంది 1900 ఏప్రిల్ 1న. 2025 ఏప్రిల్ 1కి నూట పాతికేళ్లు. పర్లాకిమిడి రాజావారు సొంత ఖర్చుతో వేయించుకున్నారు. మద్రాసు, కలకత్తాల మధ్య పెద్ద లైను నౌపడ మీదుగా పోయింది కానీ సంస్థానం రాజధాని ఆ దారికి పాతిక మైళ్లు ఎడంగా ఉండిపోయింది. ఆ పాతిక మైళ్లకు ఏడు లక్షల రూపాయలయ్యాయి. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. పెద్ద లైనుకు 1676. సగానికి కూడా తక్కువ. మొదట్లో బండి నష్టాలే తెచ్చింది. 1910 దాటాక నాలుగు డబ్బులు మిగలడం మొదలైంది. 1924-25 తర్వాత లాభాలు పెరిగాయి, ఆ ధైర్యంతో 1929, 1931లలో రెండు విడతలుగా గుణుపురం దాకా పొడిగించారు. పదేళ్లు నష్టమొచ్చినా పట్టాలు పీకేయని యజమాని ఓపికకు కూడా ఒక దండ వేయాలి.

ఇక సన్మానం ఇంజనుకు.

రెండున్నర అడుగుల ఎడం అని ఎందుకు పెట్టారు? పిసినారితనం అనుకోవద్దు. పట్టాలు దగ్గరగా ఉంటే మలుపు బిగువుగా తిప్పొచ్చు. కొండ అడ్డమొస్తే తొలవకుండా చుట్టూ పోవచ్చు. కట్ట సన్నగా వేస్తే చాలు, వంతెన తేలిగ్గా కడితే చాలు. అయితే ఇంజను బరువు పట్టాలను కుంగదీయకూడదు. ఈ లెక్కను తేల్చి చూపించినవాడు ఎవరార్డ్ కాల్‌త్రాప్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. నౌపడ లైనుకు మూడేళ్ల ముందు, 1897లో, మహారాష్ట్రలో బార్సీ లైను నడిపించాడు. ఇంజనైనా, డబ్బా అయినా, సరుకు బండైనా ఒక్కో ఇరుసు మీద ఐదు టన్నులు మించి మోపకూడదన్నది ఆయన సూత్రం. దాంతో గజానికి 30 పౌన్లు మాత్రమే తూగే సన్నపట్టాలు సరిపోయాయి. పెద్ద బరువు మొయ్యాలా? ఇరుసులు పెంచు, బరువు పంచు. ఈయనకు గుర్రాలంటే ప్రాణం, వాటి మీద పుస్తకమే రాశాడు. తర్వాత రోజుల్లో విమానం వాళ్ల కోసం పారాచూట్ కూడా తయారుచేశాడు.

మా వైపు వాళ్లకు ఇదంతా చెప్పడానికి ఇంత కష్టం అక్కర్లేదు. పుంగనూరు ఆవు అంటే చాలు. నడుమెత్తు కూడా ఉండదు. వానలు సరిగా పడని సీమలో, ఎండు మేత తిని, వెన్నకట్టే పాలిస్తుంది. దాన్ని చూసి ఎవరూ ఒంగోలు గిత్త ఎదగలేక ఆగిపోయింది అనరు. అది మా నేలకు తగ్గట్టు కుదురుకున్న జీవం. నేరోగేజి ఇంజనూ అంతే. పెద్ద ఇంజనును కుదించి చేసిన బొమ్మ కాదు, దాని ఒడ్డూపొడవూ వేరే తర్కంతో పుట్టినవి.

దగ్గరికొచ్చి చూడండి. పెద్ద ఇంజనులో చక్రాలు బయట, వాటిని మోసే ఇనుప చట్రం లోపల ఉంటాయి. చిన్న ఇంజనులో అట్లా చేస్తే నిప్పుగూడు పట్టడానికి జానెడు చోటు మిగలదు. నిప్పుగూడు చిన్నదైతే ఆవిరి చాలదు, ఆవిరి చాలకపోతే ఇంజను ఉత్త ఇనుము. అందుకని చాలా నేరోగేజి ఇంజన్లలో చట్రాన్ని చక్రాలకు బయట పెట్టారు. చక్రాలు లోపల దాక్కుంటాయి. బయటికి కనిపించేది ఇరుసుల కొసలకు తగిలించిన క్రాంకులు, వాటిని కలిపే కడ్డీలు. బండి కదులుతుంటే చక్రం దొర్లుతున్నట్టుండదు, ఎవరో మోచేతులు ఆడిస్తూ పిండి విసురుతున్నట్టుంటుంది.

చక్రాలు చిన్నవి కాబట్టి బరువు లాగే బలం ఎక్కువ, పరుగు తక్కువ. ఆ చప్పుడు రహస్యమూ అక్కడే ఉంది. రెండు సిలిండర్ల ఇంజను చక్రం ఒక్కసారి తిరిగితే పొగగొట్టంలోంచి నాలుగుసార్లు ఆవిరి వదులుతుంది. ముప్పాతిక మీటరు వ్యాసమున్న చక్రమనుకుంటే, బండి అరవై సెంటీమీటర్లు జరిగినప్పుడల్లా ఒక 'ఛక్'. చిన్నపిల్లాడి అడుగంత దూరం. గంటకు 20 కిలోమీటర్లు పోతుంటే సెకనుకు తొమ్మిది పైచిలుకు. అందుకే చిన్నబండి చెవికి ఎప్పుడూ పరుగెత్తుతున్నట్టే ఉంటుంది, కంటికి మాత్రం నింపాదిగా పోతుంటుంది. బండి కదులుతుండగా దిగి, మామిడికాయ కోసుకుని, మళ్లీ ఎక్కామనే కథ లోకంలోని ప్రతి చిన్న లైనుకూ ఉంది. అన్ని లైన్లకూ ఒకటే కథ కాబట్టి నేను నమ్మను. వినడం మాత్రం మానను.

ఆ వదిలిన ఆవిరి ఊరికే పోదు. పొగగొట్టంలోంచి ఎగజిమ్ముతూ తనతోపాటు పొగను లాక్కుపోతుంది. లాగినకొద్దీ నిప్పుగూట్లోకి కొత్త గాలి వచ్చిపడుతుంది. ఎగువ ఎక్కేటప్పుడు ఇంజను ఎంత రొప్పితే నిప్పు అంత రాజుకుంటుంది. ఎవరూ విసరక్కర్లేదు. కష్టం వచ్చినప్పుడు ఆకలి, ఆకలికి తగ్గ అరుగుదల, రెండూ తనే పుట్టించుకునే యంత్రం నాకు తెలిసి ఇంకొకటి లేదు.

బాయిలరులోకి నీళ్లు పంపే ఇంజెక్టరు ఇంకో వింత. లోపలున్న ఆవిరి ఒత్తిడిని ఎదిరించి, అదే ఆవిరి చేత, అదే బాయిలరులోకి నీళ్లు తోయిస్తుంది. హెన్రీ గిఫార్ అనే ఫ్రెంచి ఆయన 1858లో కనిపెట్టాడు. అంతకు ఆరేళ్ల ముందు ఆవిరి ఇంజనుతో గాలిఓడ నడిపినవాడూ ఆయనే. అటు కాల్‌త్రాప్ పారాచూట్, ఇటు ఈయన గాలిఓడ. పట్టాల మనుషులకు ఆకాశం మీద అంత మోజెందుకో!

డ్రైవరుదీ ఫైర్‌మ్యానుదీ దాంపత్యం లాంటి కొలువు. ఫైర్‌మ్యాను పార నిండా బొగ్గు ఎత్తి కుమ్మరిస్తే పనికిరాదు. కొద్దికొద్దిగా, మాటిమాటికీ, గూటి నలుమూలలా పలుచగా చల్లాలి. అతని కన్ను నిప్పు మీద కంటే ఎక్కువసేపు ఒక గాజుగొట్టం మీద ఉంటుంది. వేలెడు లావు, జానెడు పొడవు. లోపల నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూపేది అదే. ఎగువకు పోతున్నప్పుడు ఇంజను ముక్కు లేచి నీళ్లు వెనక్కి చేరతాయి, గొట్టంలో నీళ్లు దండిగా ఉన్నట్టు కనిపిస్తుంది. అది నమ్మితే చెడ్డట్టే. మిట్ట దాటి దిగువ మొదలవగానే నీళ్లు ముందుకు జారి, నిప్పుగూటి నెత్తి మీద తడి ఆరిపోతుంది. కింద నిప్పు, పైన నీళ్లు లేని రేకు. అట్లాంటి గడియ కోసమే ఆ రేకులో సీసం కూరిన బిరడా ఒకటి పెడతారు. రేకు మితిమీరి కాగితే సీసం కరిగి, ఆవిరి నిప్పు మీదికి ఉరికి, బాయిలరు పేలకుండా హెచ్చరిస్తుంది. బిరడా కరిగిందంటే ఫైర్‌మ్యానుకు మాట పడ్డట్టే. పైనున్నవాళ్లు అడిగే మాటల కంటే షెడ్డులో తోటివాళ్ల ఎగతాళి ఎక్కువ కుట్టేదేమో.

నౌపడ బండిని తలుచుకుంటే నాకు గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తుకొస్తారు. ఆయన పాఠాలు చెప్పింది పర్లాకిమిడిలోనే. సవరల భాష నేర్చి, దానికి వ్యాకరణం, నిఘంటువు కట్టిందీ అక్కడే. పండితులంతా గ్రాంథికమనే పెద్ద గేజి మీద పోతుంటే, జనం నోట నడిచే భాషకు పట్టాలు వేసినవాడు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఆయన ఊరొదిలి రాజమండ్రి చేరారు. బండికి సరిగ్గా ముప్పై ఆరో పుట్టినరోజు అది. నౌపడ, టెక్కలి, పాతపట్నం ఇటు, పర్లాకిమిడి, గుణుపురం అటు. మనుషులు ఎటో ఒకటి తేల్చుకోవాల్సి వచ్చింది. బండి తేల్చుకోలేదు. పొద్దున్నే ఇటునుంచి అటు, సాయంత్రం అటునుంచి ఇటు తిరుగుతూనే ఉంది.

సన్మాన సభలో తప్పులు ఎంచకూడదంటారు గానీ ఒకటి చెప్పాలి. గేజి మారిన చోట సరుకంతా దించి మళ్లీ ఎక్కించాల్సిందే. నౌపడలోనైనా, బంగారుపేటలోనైనా, పెద్దబండిలోంచి చిన్నబండిలోకి బస్తా వెళ్లాలంటే మనిషి వీపు మీదుగానే. పట్టాల మీద ఆదా చేసిన డబ్బులో కొంత ఆ వీపులే కట్టాయి. లారీలొచ్చాక సరుకు అటే పోయింది, తప్పు పట్టలేం. ఆవిరి పోయి డీజిలొచ్చింది. 2004లో చిన్నబండి ఆగింది. 2011 నాటికి అదే దారిలో గుణుపురం దాకా పెద్ద రైలు నడిచింది. మా పాకాల లైనూ బ్రాడ్ గేజి అయింది, కోలారు లైనూ అయింది. తెల్లచొక్కా వేసుకుని తిరుపతి పోవచ్చు ఇప్పుడు. కిటికీలోంచి తల పెట్టినా కంట్లో నలుసు పడదు. పెట్టాలనీ అనిపించదు.

తోబుట్టువులు కొందరు బతికే ఉన్నారు. డార్జిలింగు కొండ మీద రెండడుగుల పట్టాల మీద నడిచే బీ క్లాసు ఇంజన్ల వంశం 1889 నాటిది. మొత్తం 34 చేశారు, కొన్ని ఇంకా పొగ వదులుతున్నాయి. 1999లో యునెస్కో ఆ లైనును ప్రపంచ వారసత్వంలో చేర్చుకుంది. 2008లో అదే మర్యాద దక్కిన కాల్కా-సిమ్లా లైనైతే నౌపడ బండికి గేజిలో కూడా సొంత చెల్లెలే, రెండున్నర అడుగులు. 1903లో పుట్టింది.

అమ్మా చిన్నబండీ, నూట పాతికేళ్ల పండక్కి నీకు శాలువా కప్పితే బాయిలరు సెగకు మాడిపోతుంది. పూలదండ పొగగొట్టానికి వేస్తే మొదటి మలుపుకే వాడుతుంది. ఆయుధపూజనాడు షెడ్డులో నీకు పసుపూ కుంకుమా పెట్టి, అరటిపిలకలు కట్టి, చక్రం కింద నిమ్మకాయ నలిపించినవాళ్లు నాకంటే బాగా చేశారు ఆ మర్యాద. నేను మా అవ్వ పద్ధతిలో పోతాను. నువ్వు రోజూ బయల్దేరిన నౌపడ ఉప్పుమడుల ఊరు. అక్కడి రాళ్లుప్పు గుప్పెడు తెస్తాను. నీ ముక్కు నుంచి బొగ్గుపెట్టె దాకా ముమ్మారు తిప్పి, ఫైర్‌మ్యాను పారలో ఉన్న నిప్పుల మీద వేస్తాను. మా అవ్వ లెక్క ప్రకారం, ఉప్పు ఎంత గట్టిగా చిటపటలాడితే దిష్టి అంత గట్టిగా తగిలినట్టు. నూరేళ్లకు పైగా, గట్ల మీద నిలబడి, పశువుల్ని మరిచిపోయి నిన్నే చూసిన పిల్లల కళ్లన్నీ ఉన్నాయి అందులో. కాస్త వెనక్కి జరిగి నిలబడండి, నిప్పురవ్వలు ఎగురుతాయి.