వెలుగు నిండిన మందిరానికి వందనాలు

అమెరికాలోని ప్రావిడెన్స్ నగరంలో ప్రథమ బాప్టిస్టు సంఘం మందిరానికి 2025 మే 28తో 250 ఏళ్లు నిండాయి. ఆ సంఘానికి తెలుగు బాప్టిస్టుల తరఫున మనసారా అభినందనలు!

మందిరం కంటే సంఘం వయసు పెద్దది. మనిషి మనస్సాక్షి మీద ప్రభుత్వానికి పెత్తనం లేదన్నందుకు మసాచుసెట్స్ పాలకులు వెళ్లగొట్టిన రోజర్ విలియమ్స్ 1638లో ఈ సంఘాన్ని స్థాపించారు. అరవై ఏళ్లకు పైగా దీనికి సొంత మందిరం లేదు, ఇళ్లలోనే కూడుకునేవారు. 1700లో కాపరి పార్డన్ టిలింగ్‌హాస్ట్ సొంత ఖర్చుతో చిన్న మందిరం కట్టించారు.

ఇప్పటి మందిరాన్ని 1774లో మొదలుపెట్టారు. ఊళ్లో ఉన్నది 4,321 మంది, మందిరం కట్టింది 1,200 మందికి. ఎంత విశ్వాసం! టీ పెట్టెలను సముద్రంలో పారబోసినందుకు బ్రిటిష్ వారు బోస్టన్ రేవును మూసేయడంతో పని పోయిన ఓడల వడ్రంగులు ఇక్కడికి వచ్చి చెయ్యి వేశారు. నమూనా సిద్ధం చేసిన జోసెఫ్ బ్రౌన్ వర్తకుడు, ఖగోళ శాస్త్రాభిమాని. లండన్ సెయింట్ మార్టిన్ చర్చి కోసం జేమ్స్ గిబ్స్ గీసి, వాడకుండా వదిలేసిన శిఖరాల్లో ఒకదాన్ని ఆయన ఎంచుకున్నారు. 185 అడుగుల ఆ కొయ్య శిఖరాన్ని మూడున్నర రోజుల్లో నిలబెట్టారు. 1815 నాటి పెనుగాలికి అది ఊగింది కాని ఒరగలేదు.

లోపల 80 అడుగుల చదరపు హాలు. తెల్లని గాజు కిటికీల గుండా పగటి వెలుతురు సూటిగా బల్లల మీద పడుతుంది. నడుమ 1792 నాటి స్ఫటిక దీపగుచ్ఛం వేలాడుతుంది. ఒకప్పుడు బానిసలకూ, నల్లవారికీ, ఆదివాసులకూ పైన వేరే గ్యాలరీ ఉండేది. తర్వాత దాన్ని తీసేశారు. స్వేచ్ఛ పేరున పుట్టిన సంఘం కూడా తన గడప దగ్గర తనను తానే దిద్దుకోవలసి వచ్చింది. వేరు వరసల బాధ తెలిసిన మన సంఘాలకు ఆ మాట లోతుగా తగులుతుంది.

మనకు ఈ ఊరితో మరో బంధం ఉంది. తెలుగువారి మధ్య పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టుల నెల్లూరు మిషన్‌ను ఎత్తేయాలా అన్న ప్రశ్న మూడోసారి లేచింది 1862లో, ప్రావిడెన్స్‌లో జరిగిన వారి వార్షిక సభలోనే. నెల్లూరు మిషనరీ లైమన్ జ్యూయెట్ అమెరికా వచ్చేదాకా ఆగుదామనుకున్నారు. ఎవరు పంపినా పంపకపోయినా తాను తెలుగువారి దగ్గరకు తిరిగి వెళ్తానన్నారాయన. కొత్త మిషనరీ జాన్ క్లౌను వెంటబెట్టుకుని వచ్చారు కూడా. అలా నిలిచిన ఆ మిషన్‌లోనే 1878 జూలై 3న గుండ్లకమ్మ నది నీళ్లలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ సంఘం ఇంకా ఎన్నో తరాలు వర్ధిల్లాలి. బోస్టన్ చుట్టుపక్కల ఉన్న తెలుగువారికి ఒక మనవి: ఒక ఆదివారం పిల్లలతో కలిసి ఆ మందిరానికి వెళ్లి రండి. ఆ బల్లల మీద కూర్చుని, వాళ్లకు గుండ్లకమ్మ కథ చెప్పండి.