కరవులో అన్నం పెట్టిన చిట్టీత
మన మెట్టచెట్ల పేర్లను లోకానికి చెప్పిన డాక్టర్ రాక్స్‌బర్గ్

విశాఖపట్నం (వన్‌టౌన్): వాన ముఖం చాటేసిన ఏడాది ఏ చెట్టు బతుకుతుంది? ఇసుక నేలలో, ఉప్పుగాలిలో, నీరు పెట్టకుండా ఏది నిలుస్తుంది? మెట్ట రైతు ప్రతి వేసవిలోనూ వేసుకునే ప్రశ్న ఇది. సుమారు 240 ఏళ్ల కిందట ఇదే కోస్తాలో ఒక పరాయి దేశపు వైద్యుడు ఈ ప్రశ్నను పట్టుకుని ఊరూరా తిరిగాడు. పల్లె జనం చెప్పినదంతా రాసుకున్నాడు. ఆయనే డాక్టర్ విలియం రాక్స్‌బర్గ్. భారతదేశపు వృక్షశాస్త్రానికి పితామహుడని పేరు పొందిన వ్యక్తి. ఆయన ఆ విద్య నేర్చింది చాలావరకు మన సామర్లకోటలోనే కావడం విశేషం.

వైద్యుడిగా వచ్చి...

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లాండు దేశంలోని ఐర్‌షైర్‌లో జన్మించారు. ఎడింబరోలో వైద్యం చదివారు. అక్కడి ఆచార్యుడు జాన్ హోప్ మొక్కల శాస్త్రంలో దిట్ట. ఆనాడు మందులన్నీ మొక్కల నుంచే తీసేవారు కాబట్టి వైద్యుడికి మొక్కల చదువు తప్పనిసరి. ఆ గురువు వద్ద అంటిన ఆసక్తి రాక్స్‌బర్గ్‌ను జీవితాంతం వదల్లేదు.

ఈస్టిండియా కంపెనీ ఓడలలో కొంతకాలం పనిచేసి, 1776లో మద్రాసు ఆసుపత్రిలో సహాయ వైద్యుడిగా చేరారు. అక్కడ రోగులను చూస్తూనే ఎండ ఎంత, గాలి ఎటు, వాన ఎంత అని రోజుకు కొన్నిసార్లు లెక్క రాయడం మొదలుపెట్టారు. ఈ అలవాటు తర్వాతి కాలంలో ఎంతో మేలు చేసింది. 1781లో ఆయనకు సామర్లకోటలోని కంపెనీ పటాలానికి వైద్యుడిగా బదిలీ అయింది. అది మొదలు 1793 వరకు, పన్నెండేళ్లు, ఆయన ఈ కోస్తాలోనే ఉన్నారు.

విశాఖ కోటలో మరో వైద్యుడు

నేడు వన్‌టౌన్ అని పిలుచుకునే ప్రాంతమే ఆనాటి విశాఖపట్నం. కంపెనీ వారి కోట, వ్యాపారం అన్నీ అక్కడే. కోటవీధి అనే పేరు ఇప్పటికీ ఆ సంగతిని గుర్తు చేస్తూనే ఉంది. రాక్స్‌బర్గ్ సామర్లకోట చేరిన 1781లోనే విశాఖపట్నానికి కంపెనీ అధికారిగా క్లాడ్ రస్సెల్ వచ్చారు. ఆయనతోపాటు అన్నగారు డాక్టర్ పాట్రిక్ రస్సెల్ కూడా వచ్చారు. ఈ అన్నగారు అంతకుముందు సిరియా దేశంలోని అలెప్పో నగరంలో ప్లేగు రోగులకు వైద్యం చేసిన అనుభవశాలి.

పాట్రిక్ రస్సెల్ విశాఖలో పాములను, చేపలను, మొక్కలను శ్రద్ధగా పరిశీలించారు. మన రక్తపింజరను ఇంగ్లీషువారు నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. విశాఖ రేవులో సేకరించిన 200 రకాల చేపల మీద ఆయన రాసిన గ్రంథం 1803లో అచ్చయింది.

1785లో కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడు కోనిగ్ కాకినాడలోని జగన్నాథపురంలో కన్నుమూశారు. చివరి రోజుల్లో ఆయనకు వైద్యం చేసినది రాక్స్‌బర్గే. ఆ తర్వాత ఆ పదవి పాట్రిక్ రస్సెల్‌కు దక్కింది. ఈ తీరంలో జనానికి ఉపయోగపడే మొక్కలన్నిటినీ బొమ్మలతో సహా ఒక పుస్తకంగా వేయాలని ఆయన మద్రాసు గవర్నరుకు ప్రతిపాదించారు. ఆ ఆలోచనకు పూర్తి రూపం ఇచ్చినది మాత్రం సామర్లకోటలోని రాక్స్‌బర్గ్. 1789లో రస్సెల్ స్వదేశానికి వెళ్లిపోగా ఆ పదవి కూడా రాక్స్‌బర్గ్‌కే వచ్చింది.

సామర్లకోట తోట

రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఒక తోట వేశారు. కంపెనీవారికి లాభాలు కావాలి. అందుకని మొదట్లో మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క, సీమపనస, పట్టుపురుగుల కోసం మల్బరీ వంటివి పెంచి చూశారు. ఇందులో మిరియం సంగతి చెప్పుకోదగ్గది. సామర్లకోటకు ఉత్తరాన ఉన్న కొండల్లో అడవి మిరియపు తీగ తనంతట తానే పెరుగుతున్నదని ఆయన కనుగొన్నారు. దాని కొమ్మలు తెచ్చి పెద్ద తోటగా నాటించారు.

కాఫీ మైదానంలో మన పంటగా స్థిరపడలేదు. అదే కాఫీ తర్వాతి కాలంలో అరకు కొండల చలువలో బాగా కుదురుకుంది. ఏ మొక్కకు ఏ నేల అన్నది కంపెనీ ఉత్తర్వుతో తేలే విషయం కాదని ఇలాంటి ప్రయోగాలే చెబుతాయి.

ఈ తోటపనితోపాటు ఆయన మరో పని కూడా పెట్టుకున్నారు. స్థానిక చిత్రకారులను జీతమిచ్చి నియమించుకుని, అడవిలోనూ పొలం గట్టునా దొరికిన ప్రతి మొక్కనూ ఆకు, పువ్వు, కాయ, గింజ విడివిడిగా కనిపించేలా రంగుల్లో గీయించారు. ప్రతి బొమ్మకూ ఆ మొక్కను ఈ ప్రాంతం వారు ఏమని పిలుస్తారో, దేనికి వాడతారో అడిగి రాశారు.

ఉప్పెనలో సర్వం పోయింది

1787 మే నెలలో కోరింగ తీరాన్ని పెను తుఫాను ఢీకొట్టింది. సముద్రం ఉప్పెనగా పొంగి ఊళ్లమీద పడింది. లెక్కలేనంతమంది జలసమాధి అయ్యారు. ఆ విపత్తులో రాక్స్‌బర్గ్ ఏళ్ల తరబడి కూడబెట్టిన ఎండుమొక్కలు, రాతలు, పుస్తకాలు నీటిపాలయ్యాయి.

మరొకరైతే స్వదేశానికి ఓడ ఎక్కేవారే. ఆయన మళ్లీ మొదటి మొక్క నుంచి మొదలుపెట్టారు. నేడు లోకమంతా మెచ్చుకునే ఆయన గ్రంథాలలోని పని అధిక భాగం ఆ ఉప్పెన తర్వాత చేసినదే.

వాన లేని సంవత్సరాలు

ఉప్పెన వెలిసిన రెండేళ్లకే రెండో దెబ్బ తగిలింది. 1789 నుంచి ఉత్తర సర్కారు జిల్లాల్లో వరుసగా వానలు తప్పాయి. 1791, 1792 నాటికి అది ఘోర కరవుగా మారింది. పల్లెలు ఖాళీ అయ్యాయి. రోజూ వాన కొలిచి రాసే రాక్స్‌బర్గ్ కళ్ల ముందే ఇదంతా జరిగింది. ఆయన సామర్లకోటలో రాసిపెట్టిన ఆ లెక్కలను మన కాలపు వాతావరణ చరిత్రకారులు తిరిగి వెలికితీశారు. ఆ సంవత్సరాల్లో పసిఫిక్ సముద్రం వేడెక్కి ప్రపంచంలో అనేక చోట్ల వానలు చెడిపోయాయని, మన కరవు అందులో భాగమని వారు తేల్చారు. దీన్నే నేడు ఎల్‌నినో అంటున్నారు.

ఇలాంటి కరవు ఇంతకు ముందు వచ్చిందా అని కూడా రాక్స్‌బర్గ్ విచారించారు. సుమారు నూరేళ్ల కిందట ఇటువంటిదే మరొకటి వచ్చిందని పిఠాపురం జమీందారుల వద్ద ఉన్న పాత రాతల వల్ల తెలిసింది. ఒకసారి వచ్చినది మళ్లీ వస్తుంది కనుక ముందుగానే సిద్ధపడాలన్నది ఆయన అభిప్రాయం.

ప్రాణం నిలిపిన గంజి

ఈ కరవులోనే ఆయన ఒక చిన్న చెట్టు విలువను గుర్తించారు. అదే చిట్టీత. సముద్రానికి దాపున, మరేమీ మొలవని ఎండు ఇసుక దిబ్బల మీద పెరిగే పొట్టి ఈత. దీని మాను మూరెడుకు మించదు. మామూలు రోజుల్లో పిల్లలు దీని నల్లటి పండ్లు ఏరుకు తింటారు. ఆకులతో చాపలు, మట్టలు చీల్చి బుట్టలు అల్లుతారు. అంతకు మించి ఎవరూ పట్టించుకోరు.

గింజ దొరకని ఆ రోజుల్లో పేదలు ఈ చిట్టీత మానునే నరికి తెచ్చారు. చుట్టూ ఉన్న మట్టల తొడుగులు ఒలిచి, మధ్యలోని తెల్లటి దూటను ముక్కలు చేసి రోటిలో దంచారు. పీచును జల్లించి తీసివేయగా మిగిలిన పిండిని గంజిగా కాచుకు తాగారు. అది కాస్త చేదుగా ఉంటుందని, సగ్గుబియ్యమంత సత్తువ ఇవ్వదని రాక్స్‌బర్గ్ నిర్మొహమాటంగా రాశారు. అయినా ఆ గంజి అనేకుల ప్రాణాలు నిలిపిందని కూడా రాశారు. చిట్టీతకు ఆయన పెట్టిన శాస్త్రీయ నామానికి అర్థం పిండినిచ్చే ఈత అని.

కంపెనీ డబ్బుతో, నీటితో, కూలీలతో పెంచిన మొక్కలు ఒకవైపు. ఎవరూ నాటని, ఎవరూ నీరు పోయని చిట్టీత మరొకవైపు. కరవులో పేదవాడికి గంజి పోసింది రెండోదే. దాన్ని తినవచ్చని తెలిసింది కూడా పల్లె జనానికే. దొరగారు దాన్ని కాగితం మీద పెట్టారు.

ఆయన చేసిన సూచన

కరవు తగ్గుముఖం పట్టాక రాక్స్‌బర్గ్ మద్రాసుకు కొన్ని సూచనలు పంపారు. వరి ఒక్కదాన్నే నమ్ముకుంటే వాన తప్పిన ఏడాది గతి లేదని, ఒకసారి నాటితే ఏళ్ల తరబడి తిండినిచ్చే చెట్లను గట్ల మీద, ఊళ్ల చుట్టూ పెంచాలని వాటి సారాంశం. కొబ్బరి, తాటి, ఈత, అరటి, పనసలతోపాటు సగ్గు తాడి, సీమపనస, నాగజెముడును కూడా ఆయన ఆ జాబితాలో చేర్చారు.

ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. నాగజెముడు మన దేశపు మొక్క కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చినది. తర్వాతి కాలంలో అది మద్రాసు రాష్ట్రమంతటా బీళ్లను, పొలాలను ఆక్రమించి రైతులను నానా అగచాట్లు పెట్టింది. దాన్ని అదుపు చేయడానికి 1920 దశకంలో సింహళం నుంచి ఒక రకం పురుగును తెప్పించవలసి వచ్చింది. అంత తెలిసిన వ్యక్తి లెక్క కూడా పరాయి మొక్క విషయంలో తప్పింది. తాటి, ఈతల విషయంలో తప్పలేదు.

మన చెట్లు, మన పేర్లు

రాక్స్‌బర్గ్ లండన్‌కు పంపిన బొమ్మల నుంచి ఏరి సర్ జోసెఫ్ బ్యాంక్స్ 1795 నుంచి కోరమాండల్ తీరపు మొక్కలు అనే గ్రంథాన్ని వేయించారు. మూడు సంపుటాలు, 300 బొమ్మలు. అది పూర్తయ్యేసరికి పాతికేళ్లు పట్టింది. తొలి సంపుటానికి పాట్రిక్ రస్సెల్ ముందుమాట రాశారు. ఆ బొమ్మలు గీసిన చిత్రకారుల పేర్లు మాత్రం ఆ పుస్తకానికి ఎక్కలేదు.

ఆ సంపుటం తిరగేస్తే మన మెట్టలోని చెట్లన్నీ పలకరిస్తాయి. విస్తరాకుల మోదుగ ఉంది. బీడీ ఆకు తునికి ఉంది. బిల్లుడు ఉంది. బట్టల మీద గుర్తులు వేసే నల్లజీడి ఉంది. బురదనీటి కుండలో అరగదీస్తే నీరు తేరుకునే చిల్లగింజ ఉంది. ఇసుక నేలలో పెరిగి, వేరుతో బట్టలకు ఎర్ర రంగునిచ్చిన చిరివేరు ఉంది. చలిజ్వరానికి బెరడు కషాయం ఇచ్చే సోమిద ఉంది. శాస్త్రజ్ఞులు తర్వాత ఈ సోమిద అనే తెలుగు మాటనే ఆ చెట్టుకు ప్రపంచమంతటా చెల్లే పేరుగా ఖాయం చేశారు.

ఏటికొప్పాక లక్క బొమ్మలకు వాడే అంకుడు చెట్టును కూడా ఆయన వదల్లేదు. దాని ఆకులను వేడినీటితో కాచి నీలిమందు తీయవచ్చని నిరూపించి కంపెనీకి వివరంగా రాశారు. ఆనాడు ఆకు కోసం చూసిన చెట్టు నేడు మెత్తని కర్ర కోసం బతుకుతెరువు అయింది.

చివరి రోజులు

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తాలోని కంపెనీ వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్లారు. అక్కడ ఇరవై ఏళ్లు పనిచేశారు. ఆయన గీయించిన మొక్కల బొమ్మలు చివరకు 2,500 దాటాయి. ఆరోగ్యం దెబ్బతిని 1813లో ఓడ ఎక్కారు. దారిలో సెయింట్ హెలీనా దీవిలో ఆగినప్పుడు కూడా అక్కడి మొక్కల జాబితా రాశారు. 1815లో ఎడింబరోలో కన్నుమూశారు. ఆయన జీవితకాలపు కృషి అయిన భారతదేశపు మొక్కల గ్రంథం పూర్తిగా అచ్చయింది 1832లో. దాన్ని చూసుకునే యోగం ఆయనకు లేకపోయింది.

నేడు తీరం వెంట చిట్టీత దిబ్బలు లేఅవుట్లుగా మారుతున్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖలో వేలాది చెట్లను కూల్చినప్పుడు తిరిగి ఏం నాటాలన్న చర్చ ఊరంతా సాగింది. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి దూరం వెళ్లనక్కర్లేదు. తుఫానునూ కరవునూ రెండింటినీ ఇదే తీరంలో చూసిన ఒక వైద్యుడు ఊరి పెద్దలను, కూలీలను అడిగి రాసిపెట్టినది ఉంది. ఆయన వెళ్లిపోయినా ఆ చెట్లు ఇంకా ఇక్కడే ఉన్నాయి. తొలకరికి గట్టు మీద ఒక తాటి టెంక, పెరట్లో ఒక అంకుడు మొక్క, బీడులో నాలుగు మోదుగ గింజలు పాతిపెడితే చాలు. తొలి ఏడాది పశువుల నోట పడకుండా కాస్త కంప కట్టాలి. ఆ తర్వాత వాటి తిప్పలు అవే పడతాయి.