అంకెలు కూడిన మాస్టారు: కాప్రేకర్

ఈ పాఠం చదివేటప్పుడు ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. మీకు తోచిన రెండంకెల సంఖ్య ఒకటి రాయండి. 47 రాశారనుకుందాం. దాని అంకెలు నాలుగు, ఏడు కూడితే 11. ఆ 11ని తిరిగి 47కు కలిపితే 58. ఈ 58 అంకెల మొత్తం 13. దాన్ని కలిపితే 71. ఇలా ఎంత దూరమైనా పోవచ్చు. బడి పిల్లవాడు కూడా చేయగల ఈ లెక్క వెంట ఒక బడి పంతులు ఏళ్ళ తరబడి నడిచారు. ఆయన పేరు దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్.

కాప్రేకర్ 1905 జనవరి 17న బొంబాయికి ఉత్తరాన ఉన్న డహాణులో జన్మించారు. ఎనిమిదేళ్ళ వయసులో తల్లిని కోల్పోయారు. తండ్రి గుమాస్తా. ఆయనకు జ్యోతిషమంటే ఇష్టం. జ్యోతిషానికి పెద్ద గణితం అక్కరలేదు గాని కూడికలు, తీసివేతలు, భాగహారాలు తడుముకోకుండా రావాలి. లెక్కల మీద ప్రేమ కొడుక్కి అలా ఇంట్లోనే అబ్బింది. ఠాణాలో బడి చదువు ముగించి, 1923లో పూనా ఫెర్గూసన్ కళాశాలలో చేరారు. 1927లో పరాంజపే పేరిట ఇచ్చే గణిత బహుమతి పొందారు. 1929లో బి.ఎస్సీ. పట్టా వచ్చింది. అంతే, పై చదువు చదవలేదు. 1930లో నాసిక్ దగ్గరి దేవ్‌లాలీలో బడి పంతులుగా చేరి, 1962లో పదవీ విరమణ చేసేవరకూ పంతులుగానే ఉన్నారు.

ఆయన పేరు వినగానే చాలామందికి 6174 గుర్తుకొస్తుంది. అంకెలన్నీ ఒకటే కాని నాలుగంకెల సంఖ్యను తీసుకోండి. దాని అంకెలను పెద్ద నుంచి చిన్నకు ఒకసారి, చిన్న నుంచి పెద్దకు ఒకసారి రాసి, మొదటిదాని నుంచి రెండోదాన్ని తీసివేయండి. వచ్చిన దానితో మళ్ళీ అలాగే చేయండి. ఏడు మెట్లకు మించకుండా 6174 దగ్గరికి చేరతారు. ఈ సంగతిని ఆయన 1949లో మద్రాసు గణిత సదస్సులో వెల్లడించారు. అయితే మన పాఠానికి కావలసింది అంకెల మొత్తం కథ.

తన అంకెల మొత్తంతో నిశ్శేషంగా భాగింపబడే సంఖ్యకు కాప్రేకర్ హర్షద సంఖ్య అని పేరు పెట్టారు. హర్షం ఇచ్చేది అని అర్థం. రామానుజన్ పేరుతో ప్రసిద్ధమైన 1729 అలాంటిదే: దాని అంకెల మొత్తం 19, 19ని 91తో గుణిస్తే 1729.

ఇప్పుడు మొదటి లెక్కకు వెళ్దాం. 58 ఎక్కడి నుంచి వచ్చింది? 47 నుంచి. అంటే 47 దానికి జనక సంఖ్య. 101కి ఇద్దరు జనకులు: 91, 100. మరి 20కి? వెదకండి, దొరకదు. ఇలా జనకం లేని సంఖ్యలను మనం స్వయంభూ సంఖ్యలు అనుకోవచ్చు. వీటి మీద కాప్రేకర్ 1963లో దేవ్‌లాలీ నుంచే ఒక చిన్న పుస్తకం వెలువరించారు.

కంప్యూటరు ఈ పని ఎలా చేస్తుందో చూద్దాం. సి భాష పుట్టింది 1970ల మొదట్లో. అప్పటికి మాస్టారు బడి నుంచి విరమించుకుని పదేళ్ళయింది. 472 అంకెల మొత్తం కావాలి. 10తో భాగిస్తే శేషం 2. అది చివరి అంకె. సి భాషలో శాతం గుర్తు ఇచ్చేది ఈ శేషాన్నే. భాగఫలం 47. పూర్ణసంఖ్యల భాగహారంలో సి భాష దశాంశాన్ని వదిలేస్తుంది కనుక చివరి అంక తనంతట తానే రాలిపోతుంది. శేషాన్ని మొత్తానికి కలపడం, సంఖ్యను 10తో భాగించడం, సంఖ్య సున్నా అయ్యేవరకూ ఈ రెండూ మళ్ళీ మళ్ళీ చేయడం: ఇదే లూపు. మొత్తాన్ని ముందుగా సున్నాగా పెట్టుకోవడం మరచిపోకండి. కొత్తవాళ్ళు ఎక్కువగా తప్పేది అక్కడే.

రికర్షన్ పద్ధతి వేరు. 472 అంకెల మొత్తమంటే 2కి 47 అంకెల మొత్తాన్ని కలపడం. 47దంటే 7కి 4 అంకెల మొత్తాన్ని కలపడం. ఫంక్షన్ తనకన్నా చిన్న సంఖ్యతో తననే పిలుస్తుంది. సంఖ్య సున్నా అయితే జవాబు సున్నా అని ముందే చెప్పాలి. చెప్పకపోతే పిలుస్తూనే పోయి, కేటాయించిన మెమరీ నిండి, ప్రోగ్రాము కూలిపోతుంది.

ఇక 1985 స్వయంభూ సంఖ్యా కాదా అని అడిగితే ప్రోగ్రాము 1 నుంచి 1984 వరకూ అన్నిటినీ పరీక్షించవచ్చు. చేత్తో అలా చేయలేం. కాప్రేకర్ దగ్గర దగ్గరి దారి ఉంది. ఏ సంఖ్యనైనా, దాని అంకెల మొత్తాన్నైనా 9తో భాగిస్తే ఒకే శేషం వస్తుంది. ఆ దారికి ఆధారం ఇదే. 1985 అంకెలు కూడితే 23, మళ్ళీ కూడితే 5. ఇది బేసి కనుక 9 కలిపి సగం చేస్తే 7. (సరి అయితే ఊరికే సగం చేస్తే చాలు.) జనకం అంటూ ఉంటే దాని అంకెల మొత్తం 7, 16, 25, 34లలో ఒకటి కావాలి. వీటిని 1985 నుంచి తీసివేస్తే 1978, 1969, 1960, 1951. వాటి అంకెల మొత్తాలు వరుసగా 25, 25, 16, 16. ఒక్కటీ కుదరలేదు. నాలుగు ప్రయత్నాలతో తేలిపోయింది: 1985 స్వయంభూ సంఖ్య. ఇలాంటి పని కనుకనే నాకు ఈ మాస్టారు లెక్కలు ఉత్త సరదా అనిపించవు.

కొందరు గణితవేత్తలు మాత్రం వీటిని పిల్లలాట అని తీసిపారేశారు. వారి మాటలో కొంత నిజం లేకపోలేదు. అంకెల మొత్తం మనం పదుల పద్ధతిలో రాయడం వల్ల వచ్చింది. రాసే పద్ధతి మారిస్తే అది కూడా మారిపోతుంది. అయినా ఆయన సదస్సులకు వెళ్ళడం మానలేదు, రాయడం మానలేదు. 1966లో భార్య పోయారు. పింఛను సరిపోక, ముసలితనంలో పిల్లలకు లెక్కలు, సైన్సు ప్రైవేటు చెప్పి గడుపుకున్నారు. 1975లో అమెరికా రచయిత మార్టిన్ గార్డ్నర్ సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో ఆయన గురించి రాశాకే ప్రపంచానికి ఆ పేరు తెలిసింది. అప్పటికి కాప్రేకర్‌కు డెబ్భై ఏళ్ళు.

1986లో ఆయన దేవ్‌లాలీలోనే కన్నుమూశారు. 1986కు జనకం ఉంది. పైన చెప్పిన పద్ధతిలోనే దాన్ని కనుక్కోండి; మూడో ప్రయత్నంలో దొరుకుతుంది. తరువాత ఆయన పుట్టిన 1905తో చేసి చూడండి.